వస్తువుల జాడ తెలుపు రేడియో ట్యాగులు



ఉపాధ్యాయుడు ప్రతి దినమున చేయు మొదటి పని హాజరు పట్టీ విప్పుట. తరగతిలో నలువదిమంది బాలురు ఉండవలసినచోట ముప్పదితొమ్మిదిమందియే యున్నారని లెక్కించినంత మాత్రమున నుపాధ్యాయుని పని ముగియదు. రాని బాలు డెవడో తెలిసినగాని వాని యింటికి కబురంపుటకు వీలుకాదు. ఒకడు తక్కువయైనాడని లెక్క చెప్పును. ఆ యొకడెవడో పేరు చెప్పును. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకబోయిన కాపరి యుపమానమును మీరందఱును వినియున్నారు. ఆ కాపరికి తన మందలోని ప్రతి గొఱ్ఱెయు వేఱువేఱుగ తెలిసియుండుటచేతనే దాని నొక్కదానిని వెదకుటకు కొండల నెక్కగలిగెను. లెక్కకును పేరునకును గల యీ భేదమే నేటి మన పాఠము.

మనుష్యులకు పేరులు గలవు. పశువులకును మనము పేరులు పెట్టుదుము. కాని బియ్యపు బస్తాకును, మందుల పెట్టెకును, బొగ్గు మోయు రైలు వాగనునకును వేఱువేఱు పేరులుండిన నేమి లాభము? వానిని వా రెట్లు చదువుదురు? ఈ ప్రశ్నలకు మేమెఱిగినంతవఱకు సమాధానము చెప్పెదము.

1. ఒక విత్తనపు సంచి కథ

ఈ విషయముయొక్క విలువ మాకు పుస్తకములవలన గాక యొక రైతు కష్టమువలన ముందుగ తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట మా రామతీర్థమునకు సమీపమున నున్న యొక పల్లెలో మా విద్యార్థి తండ్రి వరి విత్తనములు కొని ఆకుమడిలో చల్లెను. సగము గింజలు మొలవలేదు. అతడు ఖాళీ సంచిని భుజమున వేసికొని అమ్మినవాని యొద్దకు పోగా, ఆ వర్తకుడు టోకు వర్తకుని చూపెను. టోకు వర్తకుడు సంచి నిటునటు త్రిప్పి, ఇట్టి సంచులు వేలకొలది వచ్చుననియు, ఇది తన కొట్టునుండి పోయినదే యని నిశ్చయ మేమనియు నడిగెను. సంచిమీద విత్తనపు రకము అచ్చువేయబడియున్నది. దానికి కుట్టిన చీటి వానకు తడిసి చిరిగిపోయినది. మేమును ఆ సంచిని చేతబట్టి చూచితిమి. అది యే రకపు విత్తనమో తెలిసినది గాని, ఆ రకపు సంచులలో నిది యే సంచియో, ఎచ్చట నింపబడినదో, ఎవరెవరి చేతులు దాటి వచ్చినదో చెప్పునది యేదియు దానిపై మిగులలేదు.

“మాస్టారూ, అందరూ సంచినే సూత్తన్నారు. ఇది నాదే అని ఒక్కడూ సెప్పడు” అని యతడు మాతో ననెను. ఆ పంట కాలము గడచిపోయినది. వాని కుమారుడు తండ్రితోకూడ కూలికి పోవలసివచ్చి రెండు నెలలు బడికి రాలేదు. మా హాజరు పట్టీలో ఆ బాలుని పేరు కెదురుగ వరుసగ పడిన సున్నలు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి. ఒక సంచికి తన పేరు లేకపోవుట యొక బాలుని చదువును తాకినది.

2. గీతల గుర్తు

వస్తువులకు యంత్రములు చదువగల గుర్తు లుంచవలెనను నాలోచన క్రొత్తది కాదు. అమెరికాదేశమున జోసెఫ్ ఉడ్‌లాండ్ అను యువకుడు 1949వ సంవత్సరారంభమున మయామీ సముద్రతీరమున కూర్చుండి దీనిని గూర్చి చింతించుచుండెను. అతడు బాల్యమున స్కౌటుగా నుండి తంతి చుక్కల లిపిని నేర్చినవాడు. ఇసుకమీద చుక్కలను గీతలను వ్రాసి, వానిని వ్రేళ్లతో క్రిందికి లాగగా సన్నని గీతలును వెడల్పు గీతలును ఏర్పడినవి. అతనికిని అతని మిత్రుడగు బెర్నార్డ్ సిల్వరునకును 1952లో ఆ పద్ధతికి పేటెంటు లభించెను. స్కౌటు దళములో చేరిన మన బాలు రీ కథను గుర్తుంచుకొందురు గాక!

పిమ్మట మఱియొకరిచే రూపొందింపబడిన గీతల గుర్తు, అనగా బార్‌కోడు, 1974వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణపు దుకాణములో మొదటిసారి అమ్మకమున చదువబడెను. ఆ దినమున అమ్మబడిన వస్తువు చూయింగ్ గమ్ పొట్లము. నేడు మన నెల్లిమర్ల దుకాణములలోని సబ్బు బిళ్లపై నైనను బిస్కట్ల పొట్లముపై నైనను అట్టి గీతలను జూడవచ్చును. వాని క్రింద 13 అంకెలుండును. మనదేశపు సంస్థద్వారా పొందిన సంఖ్యలు 890 అను నంకెలతో ప్రారంభమగును.

కాని యీ గీతలకు రెండు లోపములు గలవు. మొదటిది, కంటి కెదురుగ నుండినగాని యంత్రము వానిని చదువజాలదు. మట్టి పడినను చిరిగినను పని జరుగదు. రెండవది ముఖ్యమైనది. ఒకే రకపు సబ్బు బిళ్లలు లక్ష యుండిన లక్షింటిపైనను ఒకే సంఖ్య యుండును. ఇది బాలుని “పదవ తరగతి విద్యార్థీ” అని పిలుచుటవంటిది. ఆ పిలుపునకు తరగతియంతయు లేచి నిలుచును.

3. తన దీపము లేని యద్దము

ఈ రెండు లోపములను దీర్చునది రేడియో ట్యాగు. దీనిని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు అని యందురు. ఇది కాగితమువలె పలుచనిది. దానిలో రాగి లేక అల్యూమినియపు తీగవంటి ఏరియలును, దాని నడుమ ఆవగింజకంటెను చిన్నదగు చిప్పును ఉండును. సామాన్యముగ దానిలో బ్యాటరీ యుండదు. బ్యాటరీ లేనిది యెట్లు మాటలాడును?

ఒక దృష్టాంతమును జూడుడు. మన బోధికొండపై నొక బాలుడు చేత నద్దము పట్టుకొని నిలుచున్నాడనుకొందము. వాని యొద్ద దీపము లేదు. ఐనను సూర్యుని వెలుగు ఆ యద్దముపై బడగా, వాడు దానిని మన వైపునకు ద్రిప్పిన తళుక్కుమనును. ప్రక్కకు ద్రిప్పిన తళుకు మాయమగును. తళుకులను లెక్కబెట్టి వాడు చెప్పదలచిన మాటను మనము గ్రహింపవచ్చును. ట్యాగు చేయునదియు నట్టిదే. రీడరు అను యంత్రము రేడియో తరంగములను బంపును. ట్యాగులోని యేరియలు వానిని పట్టి, ఆ శక్తిలో కొంతచేత చిప్పును మేలుకొలుపును. మిగిలిన దానిని ఒకపరి యెక్కువగను ఒకపరి తక్కువగను తిరిగి పంపుచు తన సంఖ్యను జెప్పును. ఇట్లు మఱలివచ్చు తరంగములచేత వార్త నంపవచ్చునని హ్యారీ స్టాక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1948లోనే యొక వ్యాసమున వివరించెను. చౌకగా చిప్పులు చేయు నేర్పు కలుగుటకు మాత్రము మఱి యర్ధశతాబ్దము పట్టినది.

మనదేశములో ఇట్టి దూరపు ట్యాగులకై 865 మెగాహెర్ట్‌జులు మొదలుకొని యున్న తరంగములు వాడబడుచున్నవి. విశాఖపట్నమునుండి శ్రీకాకుళమునకు రహదారిపై ప్రయాణము చేసినవారు నాతవలస టోల్ గేటును జూచియుందురు. కారు అద్దమున కంటించిన ఫాస్టాగ్ ఈ జాతి ట్యాగే. 2021 ఫిబ్రవరి నడిమినుండి జాతీయ రహదారుల టోల్ గేట్లయం దది తప్పనిసరియైనది.

పలు ట్యాగులు ఒక్కసారి పలికినచో గందరగోళము కాదా యని మీరడుగవచ్చును. ఉపాధ్యాయుడు ప్రశ్న వేయగనే తరగతియంతయు కేకలు వేసినచో నెవని మాటయు వినబడదు. అందుచేత రీడరు ప్రతి ట్యాగును తనకు తోచిన యొక సంఖ్యను మనస్సున దలచుకొమ్మనును. పిదప రీడరు ఒక్కొక్క సైగ చేయగా ట్యాగులు తమ సంఖ్యనుండి ఒక్కొక్కటి తగ్గించుకొనును. సున్నకు వచ్చినదే మాటలాడును. రెండు ఒక్కసారి సున్నకు వచ్చిన, వాని వంతు మఱల వచ్చును. ఇట్లు నిమిషమునకు వందలకొలది ట్యాగులు క్రమము తప్పక బదులు చెప్పును. మన తరగతులలో నింతటి క్రమశిక్షణ యుండిన నెంత బాగుండును!

4. తొంబదియాఱు గదుల పేరు

1999వ సంవత్సరమున అమెరికాలోని ఎంఐటీ విద్యాలయమున ఆటో–ఐడీ సెంటరు అను పరిశోధనాలయము స్థాపింపబడెను. దాని స్థాపకులలో నొకరు సంజయ్ ఈమని శర్మ. ఈమని యనునది మన తెలుగువారి యింటిపేరు. వీరు కాన్పూరు ఐఐటీలో చదివిరి. వీరును డేవిడ్ బ్రాక్, కెవిన్ ఆష్టన్ మొదలగువారును కలసి చేసిన యాలోచన మిక్కిలి సరళమైనది. అంతకుముందు చాలమంది సరకుయొక్క చరిత్రయంతయు చిప్పులోనే వ్రాయవలెనని యత్నించిరి. చిప్పు పెద్దదయ్యెను, వెలయు పెరిగెను. వీరట్లుగాక చిప్పులో పేరు మాత్రమే యుంచి, చరిత్రను దూరముననున్న కంప్యూటరు లెక్కలలో వ్రాయుదమనిరి. చిప్పు చిన్నదయ్యెను, వెల తగ్గెను. నేడు సామాన్యపు ట్యాగు కొలది రూపాయలకే దొరకును. ఆ పేరే ఎలక్ట్రానిక్ ప్రాడక్ట్ కోడు, అనగా వస్తువుయొక్క విద్యుత్ సంఖ్య.

ఎక్కువ వాడుకలోనున్న రూపమున నీ సంఖ్యకు 96 గదులుండును. ఒక్కొక్క గదిలో సున్నయో ఒకటియో యుండును. మొదటి 8 గదులు ఇది యే జాతి సంఖ్యయో చెప్పును. తరువాతి 6 గదులు వస్తువు విడిదా, పెట్టెయా యనునదియు, సంఖ్య నెట్లు విభజింపవలెనో యనునదియు తెలుపును. తరువాతి 44 గదులలో చేసిన సంస్థయు వస్తువుయొక్క రకమును ఉండును. కడపటి 38 గదులలో ఆ రకపు వస్తువులలో నిది యెన్నవదియో యుండును. ఈ 38 గదులతో నెన్ని సంఖ్యలు వ్రాయవచ్చునో గణితము నేర్చిన బాలురు కట్టి చూడుడు. రెండును 38 మారులు హెచ్చించిన 27,487 కోట్ల 79 లక్షల 6,944 వచ్చును. ఒక్క రకపు సబ్బునకే యిన్ని వేఱువేఱు పేరులు! ఏ రెండు బిళ్లలకును ఒకే పేరు పెట్టవలసిన యవసరము కలుగదు.

5. నెల్లిమర్ల మీదుగ పోవు వాగనులు

ఇప్పుడు మన యూరికి సమీపమునకు వత్తము. విజయనగరమునుండి పలాసవైపు పోవు రైలుమార్గమున మొదటి స్టేషనులలో నెల్లిమర్ల యొకటి. గూడ్సుబండి పోవుచుండగా గేటువద్ద నిలిచి పెట్టెలను లెక్కించుట మీలో పెక్కుమందికి వేడుక. ప్రతి వాగనుపైనను 11 అంకెల సంఖ్య వ్రాయబడియుండును. మొదటి రెండంకెలు వాగనుయొక్క రకమును, తరువాతి రెండు దానికి స్వంతదారగు రైల్వేను, తరువాతి రెండు తయారైన సంవత్సరమును, తరువాతి నాలుగు దాని స్వంత సంఖ్యను తెలుపును. పదునొకండవది పరీక్షాంకె. అనగా వాగనులకు వేఱువేఱు పేరులు పూర్వమునుండియు గలవు. కొఱతయంతయు వానిని చదువుటలో నుండెను.

యార్డులలో రైలు గుమాస్తా కాగితము పట్టుకొని, రాత్రియైన దీపముతో, వానయైన గొడుగుతో, బండి పొడవునను నడచి యొక్కొక్క సంఖ్యను వ్రాసికొనెడివాడు. మసిబారిన అంకెలలో 3 యొక్కటి 8 గా గనబడిన వాగను ఒక యూరికి బదులు మఱియొక యూరి లెక్కలలో చేరును. ఈ కష్టమును దీర్చుటకై 2010 తరువాతి తొలి యేండ్లలో రైల్వే కంప్యూటరు సంస్థయగు క్రిస్ వారు రేడియో ట్యాగులను పరీక్షించిరి. ఆ పరీక్షకు వారెన్నుకొనినది తూర్పు తీర రైల్వేలోని విశాఖపట్నము–తాల్చేరు–పారదీపు మార్గము. విశాఖపట్నమునుండి తాల్చేరునకు పోవు త్రోవ మన విజయనగరముమీదుగ నుత్తరమునకు సాగునదే. కొన్ని వందల వాగనులకు ఇరుప్రక్కల నొక్కొక్క ట్యాగు తగిలించి, మార్గమున నచ్చటచ్చట పట్టాల ప్రక్కను రీడరులు నిలిపిరి. బండి పోవుచుండగనే ప్రతి వాగనును తన పేరు చెప్పుచు పోయెను. పిమ్మట మనదేశమున మూడు లక్షలకు పైబడిన వాగనులకును పెట్టెలకును, అంతర్జాతీయ సంఖ్యా విధానము ననుసరించి, ట్యాగులు తగిలించు పని చేపట్టబడినది.

దీని లాభము లెక్కలకు మాత్రమే కాదు. చక్రపు ఇరుసు వేడెక్కినదని పట్టాల ప్రక్కనున్న యంత్రము కనిపెట్టినను, ఏ వాగనుదో తెలియనిచో బండినంతయు నిలిపి వెదకవలెను. పేరు తెలిసిన ఆ యొక వాగనును మాత్రమే తొలగింపవచ్చును. ఇచ్చట పేరు ప్రాణరక్షణమునకును సాధనమగుచున్నది.

6. పరీక్షాంకె

పదునొకండవ యంకె యేల? ఇది మీరు స్వయముగ చేసి చూడదగిన లెక్క. మేము పాఠమునకై కల్పించిన వాగను సంఖ్యలోని మొదటి పదియంకెలు 31 08 14 2763 అనుకొనుడు. బేసి స్థానములలోని యంకెలను కూడుడు: 3, 0, 1, 2, 6, మొత్తము 12. సరి స్థానములలోనివి: 1, 8, 4, 7, 3, మొత్తము 23. దీనిని మూడింతలు చేసిన 69. రెండును కలసి 81. దీనికి పైనున్న పదుల సంఖ్య 90. తేడా 9. కావున పరీక్షాంకె 9. పూర్తి సంఖ్య 31081427639.

గుమాస్తా పొరపాటున 14కు బదులు 41 అని వ్రాసెననుకొందము. అప్పుడు బేసి మొత్తము 15, సరి మొత్తము 20, మూడింతలు 60, కూడగా 75. పరీక్షాంకె 5 కావలెను. వ్రాసినది 9. తప్పు వెంటనే పట్టుబడినది. ఇపుడు 27కు బదులు 72 అని వ్రాసెననుకొందము. బేసి మొత్తము 17, సరి మొత్తము 18, మూడింతలు 54, కూడగా 71; పరీక్షాంకె మఱల 9! తప్పు తప్పించుకొనినది. ప్రక్కప్రక్క నున్న రెండంకెల భేదము సరిగా 5 అయినచో నీ లెక్క మోసపోవును. కారణము మీరే కనుగొనుడు. రెండు పంక్తులలో తేలును. ఏ పరీక్షయు సర్వసంపూర్ణము కాదని దీనివలన తెలియుచున్నది. మనుష్యుని చేతివ్రాత నడుమ లేక యంత్రముతో యంత్రమే మాటలాడినపు డిట్టి తప్పులు తగ్గును. ఆ మాటలకును ఇంతకంటె గట్టి పరీక్ష యొకటి చేర్చబడియుండును.

7. ట్యాగు చేయలేనిది

ఈ సాధనమునకు హద్దులు గలవు. లోహము రేడియో తరంగములను త్రిప్పికొట్టును. నీరు వానిని మ్రింగును. అందుచేత ఇనుప వాగనులకు ప్రత్యేకపు ట్యాగులు కావలెను. నీటి సీసాల పెట్టెలో మారుమూల నున్నది బదులు చెప్పకపోవచ్చును. మఱియు నడిగినవాడెవడైనను ట్యాగు బదులు చెప్పును గనుక, మనము కట్టుకొనిన బట్టలోని ట్యాగుచేత మన జాడను మఱియొకరు కనిపెట్టు ప్రమాదము గలదు. దీనికై, వస్తువు అమ్ముడుపోయిన పిమ్మట ట్యాగును శాశ్వతముగ మూగగా జేయు నాజ్ఞ కూడ ఆ విధానములో నేర్పరుపబడినది.

అన్నింటికంటె పెద్ద హద్దు వేఱొకటి గలదు. ట్యాగు “నేను ఫలానా” అని మాత్రమే చెప్పును. “నాలో నున్నది మంచి విత్తనము” అని యది చెప్పలేదు. ఆ సంచి నెవరు నింపిరి, ఎప్పుడు నింపిరి, మొలక పరీక్షలో నేమి తేలినది, ఎవరు ఎవరికి అమ్మిరి అనునదంతయు మనుష్యుడు వ్రాయవలసినదే. ఒక్క చేతిలో లెక్క తప్పినను, అచ్చటనే జాడ తెగిపోవును. అబద్ధము వ్రాసినచో, ట్యాగు ఆ యబద్ధమునే దేశమంతట వేగముగ మోయును.

మన ప్రభుత్వమువారును ఈ జాడ పద్ధతిని క్రమముగ నమలుపఱచుచున్నారు. అచ్చట రేడియో ట్యాగులకు బదులు, సెల్‌ఫోనుతో చదువదగిన క్యూఆర్ కోడులు వాడబడుచున్నవి. విత్తనముల జాడకై “సాథీ” యను కంప్యూటరు విధానము 2023 ఏప్రిలులో ప్రారంభింపబడినది. ఎక్కువ వాడుకలోనున్న 300 రకముల మందుల పొట్లములపై నట్టి గుర్తు లుండవలెనను నియమము 2023 ఆగస్టు 1వ తేదీనుండి వచ్చినది. గుర్తు రేడియోది కానిమ్ము, గీతలది కానిమ్ము, ధర్మ మొక్కటియే. వస్తువు నిచ్చినవాడు దానికి బాధ్యుడై నిలువవలెను.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు దుకాణములు పెట్టుదురు. కొందఱు గిడ్డంగులలోను రైల్వేలోను మందుల కొట్లలోను ఉద్యోగములు చేయుదురు. మీ చేతిలోని యంత్రము “కూ” అని శబ్దము చేయగనే పని యైనదని తలపకుడు. ఆ శబ్దము పేరు చదువబడినదని మాత్రమే చెప్పును. ఆ పేరు కెదురుగ నిజము వ్రాయబడినదా లేదా యనునది మీ పని. మీరు వ్రాసిన పంక్తిని వంద మైళ్ల దూరమున నెవడో రైతు ఖాళీ సంచి చేతబట్టి నమ్ముకొని చదువును.

ఆ రైతు కుమారుడు మఱుసటి సంవత్సరము బడికి తిరిగివచ్చెను. ఉదయమున వాని పేరు పిలువగా “హాజరు సార్” అని పలికిన మాట విని మేము కలము పట్టి వాని పేరు కెదురుగ గుర్తు వేసితిమి. ఆ దినమున హాజరు పట్టీ వ్రాయుట మాకు చిన్నపనిగా దోపలేదు.